అన్న మీద పద్యం

ఆ రోజు ఇంట్లో నాయన ఉన్నాడు, అమ్మ ఉంది, అవ్వ ఉంది, వదిన ఉంది, నేను ఉన్నాను. వారం కిందట ఈనిన గొర్రె, దాని రెండు పిల్లలు వంటింటి గడప పక్కన కట్టేసి ఉన్నాయి. లేనివాడు అన్న ఒక్కడే. వాడి ఉత్తరం నా చేతిలో ఉంది.

శివరాత్రి పోయి మూడు రోజులైంది. పెనుకొండ నుంచి టపా మనిషి మా ఊరికి గురువారం మాత్రమే వస్తాడు. ఇంట్లో చదువు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. పెద్దమనిషినయ్యాక మానిపించారు. అప్పటి నుంచి నా నడక వాకిలి నుంచి వీధి చివర అయ్యవారి ఇంటి దాకా, అక్కడి నుంచి మళ్లీ వాకిలి దాకా. అదీ పొద్దున ఒక చెంబు పాలు ఇచ్చి రావడానికి.

అన్న పేరు గంగాధర. కిందటేడు హిందూపురం సంతకు పదకొండు గొర్రెలు తోలుకుపోయి, వాటిని అమ్మి, మిలిటరీలో పేరు రాయించుకుని వచ్చాడు. అప్పటికి పెళ్లయి నాలుగు నెలలు. నాయన ధర్మవరం జంక్షన్ దాకా పోయి రైలెక్కించాడు. ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో ఉత్తరంలో ఉండదు. ఊరి పేరు ఉండాల్సిన చోట ఎవరో నల్ల సిరా పూసి పంపుతారు.

"నేను క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ చలి ఎక్కువ. గొర్రెలకు గాలికుంటు రోగం రాకుండా చూసుకోండి. అందరినీ అడిగినానని చెప్పండి." ఉత్తరం అంతే.

"మళ్లా సదువు," అన్నాడు నాయన.

మూడుసార్లు చదివాను. అవ్వ దగ్గరకు జరిగి కాగితం మీద వేలు పెట్టింది.

"ఈ మసి పూసిన కాడ ఏముండాదో, ఎలుతురుకు పట్టుకోని సూడు."

"కనపడదవ్వా."

"ఊరి పేరు గూడా దాచిపెట్టుకుంటారా ఈ సర్కారోళ్లు. మనం పోయి ఎత్తుకొస్తామా ఏమి ఆ ఊరిని."

నాయన నవ్వాడు. వదిన నవ్వలేదు. వదిన పేరు కదిరమ్మ, నల్లచెరువు వాళ్ల అమ్మాయి, నాకంటే మూడేళ్లు పెద్ద. ఆ సాయంత్రం ఇద్దరం వెనక వసారాలో విత్తనపు శెనక్కాయలు ఒలుస్తున్నాం. వానలు వచ్చేలోపు మూడు గోనెలు ఒలవాలి. గింజ మీది ఎర్ర పొట్టు చిట్లితే మొలవదని చేత్తోనే ఒలుస్తాం. నెల తిరిగేసరికి బొటనవేలి కొసలు పుండ్లవుతాయి.

"అంతేనా హనుమా?" అంది వదిన.

"ఏమి వదినే?"

"అందరినీ అంటే అందరినీనా. ఒక్కొక్కరి పేరు ఉండదా?"

మగవాడు నాయనకు రాసే ఉత్తరంలో పెళ్లాం పేరు రాయడు. అది వదినకూ తెలుసు. అయినా ఆమె వేళ్లు కాయను నొక్కి పట్టుకుని ఆగిపోయాయి.

"ఉండాది. నాయన ముందర సదవలేదు," అన్నాను. "కదిరమ్మ కాళ్ల పగుళ్లకు ఆముదం పూసుకుంటాందా అని రాసినాడు."

ఆ వాక్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వదిన పాదాలు చీర కిందికి లాక్కుంది. "ఆముదమంట," అంది కాయలతో చెప్పినట్టు. ఆ రాత్రి పడుకునే ముందు వంటింట్లో ఆముదం గిన్నె వెతుక్కుంటున్న చప్పుడు విన్నాను. నేను సొంతంగా కట్టిన మొదటి వాక్యం అదే. పద్యం అప్పటికి నాకు రాదు.

పద్యం నేర్పింది నాగభూషణం అయ్యవారు. మా ఊరి బడి పెట్టినప్పటి నుంచి ఆయనే పంతులు, ఇప్పుడు మానుకున్నాడు. కళ్లకు పొర కమ్మింది. నేను పాలచెంబు తీసుకుపోయినప్పుడు అరుగు మీద కూర్చుని ఉండేవాడు. నేను గోడవారగా నిలబడి ఆయన పుస్తకంలో ఒక పేజీ చదవాలి. బదులుగా ఒక ముక్క నేర్పుతాడు. పాలు కొలిచి చెంబు కడిగి ఇచ్చేంత సేపే నాకు ఇంట్లో ఇచ్చిన గడువు. అంతకు మించితే అమ్మ వీధిలోకి వచ్చి నిలబడుతుంది.

"ఒడిలో ఏముండాయి?" అన్నాడు ఒకరోజు.

"శెనక్కాయలు అయ్యవారూ. తింటారని తెచ్చినా."

ఆయన వాటిని తడిమి తడిమి రెండు కుప్పలు చేశాడు. రెండు గింజల కాయలు ఒకవైపు, ఒంటి గింజ కాయలు ఒకవైపు. "సాగదీసి పలికే అక్షరానికి, ఊనిక పడే అక్షరానికి రెండు గింజలు. అది గురువు. పొట్టిదానికి ఒకటి. అది లఘువు. ఇప్పుడు నీ పేరు పెట్టు."

హ, ను, మ, క్క. ఒంటిది, ఒంటిది, రెండుది, ఒంటిది. అరుగు మీద నా పేరు నాలుగు కాయలుగా కనిపించింది. దాన్ని చూస్తూ నేను పాలచెంబు మరిచిపోయి ఇంటికి వచ్చాను. అమ్మ తిట్టింది.

తర్వాత వసారాలో ఒలిచే ముందు ప్రతి పాదం కాయలతో పేర్చుకునేదాన్ని. సరిపోయాక ఒలిచేసేదాన్ని. ఆటవెలది ఇరవై రోజులకు చేతికి వచ్చింది. దేవుడి మీద రెండు పద్యాలు రాసి తీసుకుపోయి చదివాను. నా గొంతు నాకే వినపడలేదు. అయ్యవారు రెండుసార్లు చదివించుకున్నాడు.

"లెక్క సరిగ్గా ఉంది," అన్నాడు. "దీంట్లో ఎవరున్నారు హనుమక్కా?"

"దేవుడు."

"నువ్వు చూసినావా?"

నేను చెంబు అంచు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"చూసినవాళ్ల మీద రాయి. నాలుగు పాదాలు చాలు."

చూసినవాళ్ల మీద పద్యం చెప్పేవాళ్లు మా ఇంట్లోనే ఒకరున్నారు. అవ్వ పేరు ఉలిగమ్మ. చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఎవరు పోయినా శోకం పెట్టడానికి అవ్వకు పిలుపు వస్తుంది. అవ్వ కూర్చుని మొదటి మాట ఎత్తితే ఏడవనివాళ్లు ఉండరంటారు. నేను ఎప్పుడూ వినలేదు. ఆడపిల్లల్ని పీనుగున్న ఇంటికి తీసుకుపోరు. రాగులు విసురుతున్నప్పుడు అడిగాను.

"అవ్వా, శోకం ముందే అనుకోని పోతావా?"

"అనుకునేది ఏముండాది. పోయినోడు ముట్టుకున్నవి వరసగా సెప్పుకుంటా పోవల్ల. సెంబు, కర్ర, సెప్పులు. ఏడుపు దానంతట అదే వస్తాది."

"ఒకటి సెప్పవ్వా."

అవ్వ తిరగలి పిడిని పట్టుకుని ఆపింది. "ఇంట్లో శోకం తీయగూడదు. నోట్లో అనుకోనుగూడా గూడదు. పీనుగ ముందర తప్ప దానికి తావు లేదు. ఇసురు."

ఉగాది పోయింది. ఉత్తరం రాలేదు. గురువారం తర్వాత గురువారం టపా మనిషి మా వీధి మొదట్లోనే తల అడ్డంగా ఊపి వెనక్కి తిరిగేవాడు. వైశాఖం వచ్చింది. బోరంపల్లెలో ఎవరికో మిలిటరీలో కొడుకు పోయినట్టు కాగితం వస్తే, చదివిన పిల్లవాడు భయపడి మూడు రోజులు గడ్డివామిలో దాచిపెట్టాడని అమ్మలక్కలు చెప్పుకున్నారు. ఆ మాట వింటున్నప్పుడు వదిన నా వైపు చూసింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఆ మధ్యాహ్నాల్లోనే నేను అన్న మీద రాయడం మొదలుపెట్టాను. నాకు ఒక నోటుబుక్కు ఉంది, బడి మానేటప్పుడు అయ్యవారు ఇచ్చింది. ఏ రోజు ఏం జరిగిందో అందులో నాలుగు ముక్కలు రాసుకుంటాను. దాన్ని గాదె వెనక పెడతాను. అన్న మీద ఎలా ఎత్తుకోవాలో తెలియక అవ్వ చెప్పినట్టు వాడు ముట్టుకున్నవి వరసగా తలుచుకున్నాను. నోటితో అనలేదు. కాగితం మీద రాస్తే అన్నట్టు కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది.

మూల నున్న కర్ర మూగబోయినదన్న
వాకిలంత దుమ్ము, వాన లేదు
గొర్రెపిల్లలన్ని గొంతెత్తి పిలువంగ
లేచి రానివాడ, లేవు నీవు

చివరి పాదం కాయల్లో సరిపోయిన క్షణాన నాకు ఏడుపు వచ్చింది. అన్న గురించి కాదు. సరిపోయినందుకు. కళ్లు తుడుచుకుని తల ఎత్తేసరికి వసారా గడప దగ్గర వదిన నిలబడి ఉంది.

"ఏమి రాస్తాండావు?"

"ఏమీ లేదు వదినే."

"ఏమీ లేకపోతే ఎందుకు ఏడుస్తాండావు?"

నోటుబుక్కు ఒడిలో పెట్టుకున్నాను. నాకు ఎవరైనా నిలదీస్తే మాట రాదు. బడిలోనూ అంతే. జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు.

తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పాలి. దానికి నాలుగు రోజుల ముందు వదిన కిరసనాయిలు కోసం పుల్లయ్య అంగడికి పోయి, రవికలో పెట్టుకున్న అన్న పాత ఉత్తరం తీసి చదివి పెట్టమంది. ఆముదం మాట ఇంకొకరి నోట వినాలనుకుంది. పుల్లయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చివరి దాకా చదివాడు. ఆముదం లేదు. కదిరమ్మ లేదు. వదిన ఉత్తరం మడిచి పెట్టుకుని ఇంటికి వచ్చింది. నన్ను ఒక్క మాట అడగలేదు. లేనిది ఉందని చదివిన పిల్ల, ఉన్నది దాచిపెట్టదా అని ఆమె అనుకుని ఉంటుంది.

మరుసటి పొద్దున నేను పాలచెంబుతో అయ్యవారింటికి పోయినప్పుడు వదిన గాదె వెనక నుంచి నోటుబుక్కు తీసుకుని పుల్లయ్య అంగడికి పోయింది.

పుల్లయ్య మామూలు రాత చదివితే ఎద్దు గుట్ట ఎక్కినట్టుంటుంది. కానీ వయసులో వీధి నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. పద్యం కనపడితే చాలు, లేచి నిలబడి రాగం తీస్తాడు. ఆ రోజు అంగడి ముందు నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. నేను అయ్యవారి అరుగు దగ్గర ఉన్నాను. వీధి ఆ చివర నుంచి నా మొదటి పాదం వినపడింది. పుల్లయ్య 'మూగబోయినదన్న' దగ్గర గొంతు పైకి తీసుకుపోయి తిప్పి తిప్పి దింపాడు. అయ్యవారు తల పక్కకు వంచి విన్నాడు.

"ఎవరిదో బాగుంది," అన్నాడు.

నేను చెంబు అక్కడే వదిలి పరుగెత్తాను. అంగడి చేరేసరికి పుల్లయ్య చివరి పాదం సాగదీస్తున్నాడు. లేవు నీవు. లేవు నీవు. నాటకంలో లాగా రెండుసార్లు.

"లేవు అంటే ఎవురు మామా?" అంది వదిన.

పుల్లయ్య రాగంలోంచి ఇంకా బయటికి రాలేదు. "అన్నా అని ఉండాది గదమ్మా. గొర్రెలోడు. సచ్చిపోయినోని మీద సెప్పినట్టుండాది."

అప్పుడు అతనికి తను ఎవరితో మాట్లాడుతున్నాడో తట్టింది. నోటుబుక్కు కిందికి దించాడు.

వదిన నా పక్క నుంచే పోయింది. నన్ను చూడలేదు. వాకిట్లో పడి నేల మీద రెండు చేతులూ కొట్టుకుంటూ, "అత్తా, కాగితం వచ్చిండాది, ఈ పిల్ల దాచిపెట్టింది," అంది. ఆ వెంటనే నా నాలుగు పాదాలూ చెప్పింది. ఒక్కసారి విన్నదానికే ఒక్క మాట పొల్లు పోకుండా.

అమ్మ కొట్టిన పెడబొబ్బకు గొర్రెలు బెదిరాయి. అవ్వ బయటికి వచ్చింది. నన్ను చూసింది. "నిజమా?" అని అడిగింది.

అది కాదు అవ్వా, నేను రాసింది, అయ్యవారు రాయమన్నాడు, కాగితమేదీ రాలేదు. ఈ మాటలన్నీ వరసగా నా లోపల ఉన్నాయి. నోరు తెరిచాను. వీధి వీధంతా వాకిట్లోకి వస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు. మాట రాలేదు. వెనక్కి నడిచి గాదె గదిలోకి పోయి గోడకు ఆనుకున్నాను.

అవ్వ దుమ్ములో కూర్చుని కొంగు తల మీదికి లాక్కుంది.

"మూలనున్న కర్ర మూగబోయినాదిరా కొడుకా," అని ఎత్తుకుంది. నా పాదమే. కానీ నా కాయల లెక్క అందులో లేదు. అవ్వ దాన్ని తన గొంతులోకి తీసుకుని తన కొలతకు కట్టుకుంది.

"సల్లారిన గంజి సట్టిలోనే ఉండాదిరా కొడుకా. సంతకని పోతివిరా కొడుకా. పదకొండు గొర్రెలమ్మి ఏమి కొంటివిరా కొడుకా."

ఏమి కొంటివిరా. ఆ ప్రశ్న నాకు తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు. ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. బయటికి పోయి చెప్పడానికి అప్పుడు నాకు వీలుంది. అవ్వ ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఉంది. నేను గోడకు చెవి ఆనించి తర్వాతి మాట ఏమిటా అని ఎదురుచూశాను. దీన్ని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

పొద్దు వాలే దాకా సాగింది. పొయ్యి వెలిగించలేదు. అవ్వ గొంతు బొంగురుపోయింది. నాయన పెనుకొండ నుంచి నాగటి కర్రు పదును పెట్టించుకుని వచ్చాడు. వాకిలి నిండా మనుషుల్ని చూసి కర్రు భుజం మీద నుంచి దించలేదు.

"కాగితం ఎవురు తెచ్చినారు?"

పుల్లయ్య నోటుబుక్కు అందించాడు. నాయన చదువు రానివాడైనా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గాదె గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది నీ బుక్కే కదా పాపా?"

"నేను రాసినా నాయనా. కాగితం రాలేదు. ఉత్తగా రాసినా. పద్యం నేర్చుకుందామని."

నాయన గోనె మీద కూర్చున్నాడు. "వాడు బతికుండాడా?"

"తెలీదు నాయనా."

"తెలీనోనికి శోకం రాస్తివి."

కొట్టలేదు. కాసేపు కర్రు మొనను వేలితో తడుముతూ కూర్చుని, లేచి బయటికి పోయి చెప్పాడు. ఏడుపు ఒకేసారి ఆగలేదు. ఈ మూల ఆగి, ఆ మూల ఆగి, చివరికి వదిన ఒక్కతే మిగిలింది. వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, పీనుగింటి నుంచి పోయేటప్పటి మాదిరే మా కుండలో నీళ్లతో కాళ్లు కడుక్కుని పోయారు. అది చూసి అవ్వ తల కొట్టుకుంది.

ఆ రాత్రి నోటుబుక్కును ఏం చేయాలన్నది తేలలేదు. పొయ్యిలో పెడతానని అమ్మ లేచింది.

"పెట్టొద్దు," అంది అవ్వ. "వాని మీద శోకం ఉండాది దాంట్లో. నిప్పు పెడితే వానికి పెట్టినట్టే."

"పూడ్చి పారేస్తా."

"పూడుస్తావా వాన్ని?"

"అయితే సెరువులో యేస్తా."

"బూడిద కలిపేది యాడనే? నీళ్లలో కాదా?"

అమ్మ నోటుబుక్కు పట్టుకుని ఇంటి నడుమ నిలబడిపోయింది. కాల్చడానికి లేదు, పూడ్చడానికి లేదు, నీళ్లలో వేయడానికి లేదు. చింపితే ఏమవుతుందో అవ్వకే తెలియదు. చివరికి దాన్ని పాత కంబళి ముక్కలో మూటగట్టి దూలానికి కట్టారు. అన్న వచ్చి తన చేతులతో విప్పాలి, అప్పటి దాకా ఎవరూ తాకకూడదు. వాడు వస్తే తలవాకిలి గుండా రాకూడదు, పెరటి గోడ దాటించి, జల్లెడలోంచి నీళ్లు పోసి లోపలికి తీసుకోవాలి. అవ్వ ఒక్కొక్కటే చెప్పింది. గొంతు లేక గాలి మాత్రమే వచ్చింది. ఏడు ఊళ్ల మనుషుల్ని సాగనంపిన గొంతు అది. బతికున్న మనవడి మీద తిప్పేశానని అవ్వ మళ్లీ ఎవరింటికీ శోకానికి పోలేదు. పిలుపు వచ్చినా పోలేదు.

రెండో రోజు అయ్యవారు కర్ర పట్టుకుని వెతుక్కుంటూ మా వాకిలికి వచ్చాడు. ఆయన ఎవరింటికీ రాడు. నాయన మంచం వాల్చాడు. ఆయన కూర్చోలేదు.

"ఆ పిల్లకు నేర్పింది నేను లింగప్పా. తిట్టేదుంటే నన్ను తిట్టు."

"మిమ్మల్ని ఏమంటాం సామీ."

"ఒక మాట చెప్పి పోదామని వచ్చినా. పద్యంలో తప్పు లేదు."

"తప్పు లేకుంటేనే ఇంత అయిందా సామీ," అన్నాడు నాయన.

అయ్యవారు వెనుదిరిగాడు. నేను గాదె గదిలో నుంచి ఆయన కర్ర చప్పుడు వీధి చివరి దాకా విన్నాను. పాలచెంబు మరుసటి రోజు నుంచి అమ్మే తీసుకుపోయింది.

అప్పటి నుంచి నాకు వసారా ఒక్కటే. పొద్దున అక్కడ ఒలవడం, రాత్రి దూలం కింద పడుకోవడం. పడుకుంటే మూట సరిగ్గా నా ముఖం మీద ఉంటుంది. పెన్సిలు అమ్మ తీసేసుకుంది. కాయలు పేర్చబోతే చేటతో ఊడ్చేసేది. కానీ లెక్క నా చెవిలో ఆగలేదు. అమ్మ తిట్టినా, కోడి అరిచినా, అవ్వ దగ్గినా, రెండు గింజలు, ఒక గింజ. వద్దనుకున్నా పాదాలుగా విడిపోయేవి. వదిన నాకు ఎదురుగా కూర్చుని ఒలిచేది. ఒకే గోనె, ఒకే చేట. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. ఒకసారి నేనే, "వదినే, ఆముదం మాట..." అన్నాను. ఆమె గోనె తన వైపుకు లాక్కుని నాకు వీపు పెట్టి కూర్చుంది. కాళ్ల పగుళ్లలో రక్తం కనిపిస్తోంది. ఆముదం పూయడం మానేసింది.

ఆషాఢం మొదట్లో రెండు వానలు పడ్డాయి. విత్తనం వేయడానికి నాయన, అమ్మ, వదిన చేనికి పోయారు. నన్ను తీసుకుపోలేదు. విత్తనానికి నా చెయ్యి తగిలితే మంచిది కాదని ఎవరూ అనలేదు. కానీ ఒలిచింది నేనే అయినా గోనె మోయడానికి కూడా పిలవలేదు.

గురువారం మధ్యాహ్నం టపా మనిషి వీధి మొదట్లో ఆగలేదు. నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. నేను వసారాలో ఉన్నాను. అవ్వ తీసుకుంది. కవరు మీది రాత నాకు అంత దూరం నుంచే తెలిసింది. 'లింగప్ప' లో ల కింద అన్న ఎప్పుడూ ఒక గీత ఎక్కువ గీస్తాడు.

"అవ్వా, అన్నదే. అన్న సేతి రాత."

అవ్వ ఉత్తరాన్ని గుండెకు హత్తుకుంది. నేను చెయ్యి చాచాను. ఇవ్వలేదు. చేనికి మనిషిని పంపింది. ముగ్గురూ మట్టి కాళ్లతో పరుగెత్తుకుంటూ వచ్చారు. వదిన ఇంట్లోకి రాకుండానే మళ్లీ వెనక్కి పోయి పుల్లయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. అందరూ నడవలో కూర్చున్నారు. నేను వసారా గడప మీద నిలబడ్డాను. అక్కడ నిలబడొద్దని ఎవరూ అనలేదు.

పుల్లయ్య కాగితాన్ని దూరంగా పట్టుకున్నాడు. "నే... ను... క్షే... మం."

అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాయన తలగుడ్డ తీసి ముఖం కప్పుకున్నాడు. వదిన ఏడవలేదు. పుల్లయ్య పెదవుల్నే చూస్తూ ఉంది.

"నిదానంగా సదువప్పా," అన్నాడు నాయన గుడ్డలోంచి. "ఒక్క మాట పోగూడదు."

"రెం... డు... నె... లలు... జ్వ... జ్వరంతో... ఆ..." పుల్లయ్య ఆగాడు. కాగితం దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరంగా పట్టాడు. "ఆ... స... ఆసు... ప..."

అందరూ ముందుకు వంగారు. ఆయన వేలి కింద ఆ మాట నాకు స్పష్టంగా కనపడుతోంది.

"ఆసుపత్రిలో," అన్నాను.

ఇంట్లో అందరికీ వినపడేంత గట్టిగా అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. పుల్లయ్య తలూపబోయి ఆగిపోయాడు. అవ్వ చెవులు మూసుకుంది. నాయన ముఖం మీది గుడ్డ తీయలేదు.

వదిన లేచింది. చేతులకు ఇంకా తడి మట్టి ఉంది. నా ముందుకు వచ్చి నిలబడి ఇన్ని రోజుల్లో మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"నీ నోటితో వద్దు హనుమా," అంది, మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. నన్ను వసారాలోకి ఒక అడుగు వెనక్కి నడిపించి, తలుపు మూసింది.